బస్సులో మరిచిపోయినవి

డిగ్రీ చివరి సంవత్సరంలో ప్రతివాళ్లూ ఇరవై పేజీల పరిశోధనా వ్యాసం రాయాలి. చరిత్ర క్లాసులో అందరూ అంశాలు ఇచ్చేశారు, డౌటమ్మ తప్ప. గంటకు పది ప్రశ్నలు అడుగుతుందని తోటివాళ్లు పెట్టిన పేరు అది. తీరా తనకే ఒక ప్రశ్న కావాల్సి వచ్చేసరికి ఒక్కటీ తట్టలేదు.

మొదట "ప్రపంచ యుద్ధాలు" అని రాసిచ్చింది. చరిత్ర మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టారు.

"ఇరవై పేజీల్లో అన్ని యుద్ధాలా? పేజీకి ఎన్ని లక్షల మందిని చంపుతావమ్మా? కాస్త తగ్గించు."

మర్నాడు "ఒక సైనికుడి చొక్కా గుండీ" అని పట్టుకెళ్లింది.

"మరీ ఇంత తగ్గించమన్నానా? దాని గురించి ఎక్కడ తెలుసుకుంటావు?"

"అడిగి తెలుసుకుంటాను సార్."

"ఎవర్ని? గుండీనా?"

శుక్రవారం నాలుగింటికల్లా అంశం ఇవ్వకపోతే ఇక తీసుకునేది లేదని చెప్పి పంపేశారు.

ఇంట్లో సలహాలకు కొదవ లేదు. కుట్టుమిషన్లు బాగుచేసే నాన్న, మిషను చరిత్ర చెబుతానని కూర్చోబెట్టి గంటన్నరసేపు సూది దగ్గరే ఆగిపోయాడు. బాబాయి "మొగుళ్ల కష్టాలు" రాయమన్నాడు. పిన్ని వెనకాలే నిలబడి ఉందని చూసుకోలేదు పాపం. ఆ పూట ఆయన అన్నం ఆయనే వండుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం డౌటమ్మ మొహం వేలాడేసుకుని అమ్మ ఆఫీసుకు వెళ్లింది. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు దాచే గదికి అమ్మ గుమాస్తా. అరల నిండా గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు.

అంతలో ఒక పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, నా ఫళ్లు..."

అమ్మ తొణక్కుండా ఒక పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. అందులో నాలుగు కట్టుడు పళ్ల సెట్లు.

"సబ్బుతో కడిగే ఉంచాను బాబాయిగారూ. మీవేవో చూసుకోండి."

మొదటి సెట్టుతో నోరు మూతపడలేదు. రెండోది పెట్టుకుంటే నవ్వు చెవుల దాకా పాకింది. మూడోది అతికినట్టు సరిపోయింది. పెద్దాయన అద్దంలో అటూ ఇటూ చూసుకుని మురిసిపోయాడు.

"ఇవి నావి కావమ్మా. నావి ఇంత బాగుండేవి కావు. కానీ ఇవే ఇచ్చెయ్యండి."

"అలా కుదరదండీ," అంది అమ్మ.

ఆయన నాలుగోవి పెట్టుకుని, అయిష్టంగా సంతకం చేసి వెళ్లాడు.

డౌటమ్మకు ఎక్కడలేని హుషారొచ్చింది. "అమ్మా, నోట్లో ఉండేవి బస్సులో ఎలా మరిచిపోతారే?"

"కునుకు పట్టే ముందు తీసి ఒళ్లో పెట్టుకుంటారు."

"మరి ఒంటి చెప్పుతో ఇంటికెలా వెళ్లారు?"

"నన్నడిగితే? రిజిస్టర్లు ఉన్నాయి, చూసుకో."

ఇరవై రెండేళ్ల రిజిస్టర్లు. ఏ బస్సు, ఏ సీటు, ఏ వేళ, ఎవరు వచ్చి తీసుకెళ్లారు, అన్నీ అమ్మ దస్తూరీలో. ఒకచోట "ఏడడుగుల నిచ్చెన, వెనక సీటు, ఎవరూ రాలేదు" అని ఉంది. డౌటమ్మ గడియారం చూసి పరుగందుకుంది.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలుందనగా మాస్టారి ముందు రొప్పుతూ నిలబడింది. "జనం బస్సుల్లో ఏం మరిచిపోతారు, ఎందుకు మరిచిపోతారు. ఇదీ నా అంశం సార్. ఆధారాలూ ఉన్నాయి."

రిజిస్టర్ల మాట వినగానే మాస్టారు లేచి వెళ్లి తలుపు దగ్గరకు వేశారు. గొంతు తగ్గించారు.

"ఆరేళ్ల కిందట, పదిహేడో నంబరు బస్సులో... నీలం సంచి ఒకటి దొరికిందేమో చూస్తావా?"

"ఏముంది సార్ అందులో?"

"జవాబు పత్రాలు. నలభై."

"అయ్యో! మరి మార్కులు?"

"అందరికీ అరవై వేశాను. ఒక్కడూ నోరెత్తలేదు. పైగా ఇద్దరు దండం పెట్టి వెళ్లారు."

అంశం కాగితం మీద సంతకం అప్పటికే పడిపోయింది.

సోమవారం మాస్టారు స్వయంగా వెళ్లారు. సంచి పై అరలో భద్రంగా ఉంది. కానీ ఆనవాలు చెప్పందే ఇవ్వనంది అమ్మ. పాపం ఆయన కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, సంచిలోనే ఉన్న ఆరేళ్ల నాటి ప్రశ్నపత్రం మొత్తం ఒప్పజెప్పారు. ఐదో ప్రశ్న దగ్గర తడబడితే అమ్మ ఇంకో అవకాశం ఇచ్చింది.

ఇదంతా డౌటమ్మ వ్యాసం పదకొండో పేజీలో ఉంది. మాస్టారి పేరు మాత్రం రాయలేదు.