ఆడపిల్ల పెట్టె

సత్తియ్య తేనెపెట్టెకు చెవి ఆనించి విన్నాడు. లోపల పప్పు ఉడుకుతున్నట్టు సన్నని చప్పుడు.

"ఏవండోయ్, అమ్మాయి వచ్చేది సాయంత్రం కదా! ఇప్పట్నుంచే దాంతో కబుర్లేంటి?" అంది సూర్యావతి వాకిలి ఊడుస్తూ.

"బాగున్నాయో లేదో చూత్తన్నానే."

"నన్నెప్పుడైనా అలా చెవి పెట్టి విన్నారా?"

"నువ్వు వీధి చివరికి కూడా వినబడతావు కదే!"

వాళ్లింట్లో ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే, మొదటి వేసవిలో ఒక తేనెపెట్టె వెంట పంపుతారు. సత్తియ్య తండ్రి హయాం నుంచీ అంతే. అప్పట్లో పెరటి పొడుగునా పెట్టెలుండేవి. తేనె తీసిన రోజున చిన్నప్పుడు కూతురు నాగదుర్గ వేడి అట్టు మీద ధారగా పోసుకుని, మోచేతి దాకా కారింది నాక్కుంటూ తినేది. నమిలిన మైనం గోడకి అంటించేది. తర్వాత తెగులొచ్చి, పిల్లపురుగులు కుళ్లి, ఒక్కొక్క పెట్టే ఖాళీ అయింది. మిగిలింది ఇదే. ఇది అంతర్వేదిలో కూతురి దగ్గర బతికితే, వచ్చే ఏడు అందులోంచి చీల్చి మళ్లీ ఒక పట్టు తెచ్చుకోవచ్చు. ఇదీ పోతే ఇక ఏమీ లేదు.

చీమలెక్కకుండా పెట్టె బల్ల కాళ్లు నీళ్లు పోసిన కొబ్బరి చిప్పల్లో ఉంటాయి. ఇవాళ రాలిన ఆకు ఒకటి వంతెనలా పడి, ఎర్రచీమలు ఒక కాలెక్కేశాయి. ఈ ఒక్కరోజూ పెట్టెకి ఏమీ కాకూడదు. సత్తియ్య ఆకు తీసేసి, తోటలో కొబ్బరిచెట్లకి పెట్టే నల్లిమందు సీసా, చూరులో దోపింది, అందుకున్నాడు. అడుగున మిగిలింది నాలుగు చిప్పల్లోకీ వంచాడు. చీమలు ముడుచుకుపోవడం చూసి, నిశ్చింతగా పనికి వెళ్లాడు.

కాశీవిశ్వనాథంగారి కొబ్బరితోటకి నల్లి తెగులు పట్టి రెండో ఏడు. చెట్టు మొదట్లో తవ్వి, లేత వేరుని ఏటవాలుగా కోసి, మందు పోసిన ప్లాస్టిక్ కవరులోకి దూర్చి దారంతో కట్టాలి. చెట్టు చప్పుడు లేకుండా తాగేస్తుంది. గాలి లేదు. ఒక్క మట్టా కదలడం లేదు.

"గట్టు మీద చెట్లకి కూడా కట్టేసి వెళ్లు సత్తియ్యా" అన్నారు కాశీవిశ్వనాథంగారు.

"ఆయ్, అలాగేనండి."

మధ్యాహ్నం నీళ్ల బిందె దగ్గర కూర్చుంటే ఒక తేనెటీగ వచ్చి, బిందె అంచు మీద చెమ్మ పీల్చింది.

"మనింటిదానివేనేంటే?" అని నవ్వాడు.

ఇంకొకటి వచ్చింది. మరొకటి. అప్పుడు కాలువ వైపు చూశాడు. వేసవికి కాలువలు కట్టేశారు. అడుగున బురద పగుళ్లిచ్చింది. ఈ ఎండకి ఈగలకి నీళ్లెక్కడివి? ఇంటి దగ్గర నీళ్లున్నది ఆ చిప్పల్లోనే.

దారపు ఉండ చేతిలో ఉండగానే పరుగెత్తాడు.

చిప్పల అంచుల మీద ఈగలు నీళ్లలోకి తలలు వంచి చచ్చి ఉన్నాయి. పెట్టె ముందు కొన్ని వెల్లకిలా పడి గుండ్రంగా తిరుగుతున్నాయి. చిప్పలు కడిగి మంచినీళ్లు పోశాడు. దేని మీదా ఒక్క ఈగ వాలలేదు. మూత తియ్యడానికి అతనికి ధైర్యం చాలలేదు.

పొద్దు వాలేవేళకి నాగదుర్గ, అల్లుడు సత్యదుర్గారావు మోపెడ్ మీద వచ్చారు. అల్లుడి భుజాన కొత్త కొబ్బరితాడు.

"మీ అమ్మాయి పెట్టె కొలత చెప్పింది కదండీ, ముందే ముడులేసి తెచ్చేను మావయ్యగారూ" అంటూ తాడు అరుగు మీద పెట్టాడు.

"చూసేవా నాన్నా! పెట్టెకి బండి, నాకేమో బస్సంట!" అంటూనే నాగదుర్గ పెరట్లోకి పరుగెత్తింది. సత్తియ్య ఆమెని అందుకునేలోగా మూత తీసి, పట్టు అంచు తుంచింది. "ఏవండీ, ఇలా రండి! మైనంతో సహా నమలాలి."

సత్తియ్య ఆమె చేతి మీద కొట్టాడు. పుట్టాక ఎప్పుడూ కొట్టలేదు. పట్టు ముక్క మట్టిలో పడింది.

"తినకమ్మా. చిప్పల్లో మందు పోసేను. చీమలకని."

నాగదుర్గ పెట్టెలోకి వంగింది. అడుగున కుప్పగా పడి ఉన్న ఈగల్ని చిటికెన వేలితో తప్పించింది. పొడుగు పొట్ట రాణి ఈగ కనబడింది.

"రాణి కూడానా నాన్నా?"

కాశీవిశ్వనాథంగారికి చెప్పినట్టే "ఆయ్" అన్నాడు సత్తియ్య.

చీకటి పడకముందే బయల్దేరారు. సూర్యావతి మామిడిపళ్ల సంచి కూతురి చేతికిచ్చింది. పెట్టె కట్టాల్సిన చోట నాగదుర్గ కూర్చుంది. బండి చప్పుడు గట్టు మలుపు దాటింది. అరుగు మీద కొత్త తాడు, పెట్టె కొలతకి వేసిన ముడులతో, అలాగే ఉండిపోయింది.