వెనకటివాడు

పొద్దున్నే టైర్ల షాపు షట్టర్ ఎత్తడం, కంప్రెసర్ ఆన్ చేయడం, ఓనరైన బావ చేత తిట్లు తినడం. బావమరిదికి రోజూ ఇదే వరస. లారీ నడిపే రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి తెల్లపొడి పీల్చేవాడు. ఆ మత్తులోనే ఒకసారి లారీని గోడకేసి కొట్టాడు. పక్క సీట్లో ఉన్న బావకి మోకాలి కింద కాలు పోయింది.

పొడి మానేసిన రోజు నుంచి దాని జ్ఞాపకం మనిషై అతని వెంట తిరుగుతోంది. అచ్చం అతనే, కాకపోతే కళ్ళు మెరుస్తుంటాయి. అందరూ వాణ్ణి వెనకటివాడు అనేవాళ్ళు. షాపుకొచ్చినవాళ్ళు "కాస్త జరుగు" అని వాణ్ణి పక్కకి తోసి టైర్లు చూసుకునేవాళ్ళు. వాడిది మాత్రం అతని చెవిలో ఒకటే నస: "ఒక్కసారి పీల్చు. ఒళ్ళు గాల్లో తేలుతుంది." ఆ మాట విని అప్పటికే రెండుసార్లు మళ్ళీ మొదలెట్టాడు.

మూడోసారి కాకముందే అక్క అతన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఇది దిగులుకిచ్చే మాత్ర. ముందు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, పొడి గురించి వాగనివ్వండి. అప్పుడు వేసుకోండి. వాడు నీరసపడొచ్చు. పడకపోనూ వచ్చు" అందావిడ.

వారాలు గడిచేకొద్దీ వెనకటివాడి గొంతు సన్నబడింది. అది చూసి బావకి ఒళ్ళు మండింది. ఒకరోజు మాత్రల సీసా లాక్కుని మురిక్కాలవలోకి విసిరేశాడు.

"హాయిగా మర్చిపోదామనా? నువ్వు మర్చిపోతే నా కాలు ఎవడికి గుర్తుండాలిరా?"

"పోయేది పొడి ఒక్కటే బావా. నువ్వు ఆరోజు అరిచిన అరుపు రోజూ వినిపిస్తూనే ఉంది."

"వినిపించాలి. చచ్చేదాకా వినిపించాలి."

మర్నాడు అక్క కొత్త సీసా తెచ్చి, మొగుడి ముందే తమ్ముడి చేతిలో పెట్టింది. "దీన్ని ముట్టుకున్నావో, ఆ రెండో కాలు నేనే విరగ్గొడతా" అంది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, పాత రోజుల్లో అతనితో లారీ నడిపినవాడు టైరు మార్పించుకోడానికొచ్చాడు. నవ్వుతూ జేబులోంచి చిన్న పొట్లం తీసి చూపించాడు.

"లారీ ఎక్కు. ఈ కుంటోడి తిట్లు ఎన్నాళ్ళు పడతావ్?"

బావమరిది బోల్టు బిగించడం ఆపాడు. వెనకటివాడు లేచొచ్చాడు. పొట్లంలోకి వంగి చూసి, "ఏంటది?" అనడిగాడు.

వాడు కాసేపు నిలబడి, అక్కడ తనకింక పనేం లేనట్టు వెళ్ళి లారీలో కూర్చున్నాడు.

బావమరిది చివరి బోల్టు బిగించాడు. "అయిపోయింది. బండి తియ్యి."

లారీ వెనకటివాణ్ణి ఎక్కించుకుని మలుపు తిరిగింది.

"ఆ చూపులేంటి? ఈ టైర్లన్నీ నీ బాబొచ్చి సర్దుతాడా?" అని అరిచాడు బావ. చేతికర్ర పక్కనే ఉంది. అయినా, ప్రమాదం జరిగాక మొదటిసారి, బావమరిది భుజమ్మీద బరువంతా వేసి లేచాడు. షాపు లోపలిదాకా నడిచినంతసేపూ తిడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు.