ఇంట్లో ఉంటాను

పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా ఆ ఇంట్లో అందరికీ కాళ్ళకింద నిప్పులే. అక్క బ్యాగు జిప్పు సగమే పెట్టుకుని చెప్పుల్లో కాళ్ళు దూరుస్తుంది. మేనకోడలు జడ అల్లుకుంటూనే మెట్లు దిగుతుంది. బావ ఒక్కడే తీరిగ్గా పేపరు మడిచి, అద్దంలో మీసం చూసుకుని, "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, గ్యాస్ బండ వస్తే తీసుకో" అనేసి వెళ్తాడు. తలుపు పడుతుంది. లోపల మామయ్య మిగులుతాడు.

మూడో అంతస్తులో ఉన్న ఆ ఇల్లు ఖాళీగా ఉండదు. ఉండటానికి ఒప్పుకోదు. లోపల ఒక్క మనిషే మిగిలితే తాళం తిరుగుతుంది, గడియ జారుతుంది, తలుపు మాత్రం గోడలో కలిసిపోయినట్టు బిగుసుకుంటుంది. బయటినుంచి ఇంకొకరు లోపలికి వస్తే తప్ప ఆ మనిషిని వదలదు. వీధిలో అందరికీ ఇది తెలిసిందే. కొరియర్ అతను చుట్టుపక్కల ఫ్లాట్ల పార్సిళ్ళు కూడా తెచ్చి ఇక్కడే పెడతాడు, ఎవరో ఒకరు ఉంటారు కదా అని. మొదట్లో ఒక పిల్లిని పెంచి చూశారు. ఇల్లు పిల్లిని లెక్కలోకి తీసుకోలేదు. రోజంతా రేడియో మోగించి చూశారు. ఇల్లు పాటలన్నీ విని కూడా మోసపోలేదు. అక్కా బావా వంతులవారీగా సెలవులు పెట్టి పెట్టి అలిసిపోయిన రోజుల్లోనే, మామయ్య పనిచేసే టెలిఫోన్ ఎక్స్ఛేంజి మూతపడింది. "ఏదో ఒక ఉద్యోగం దొరికేదాకా మా దగ్గరుండరా" అంది అక్క. ప్రేమతోనే అంది. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చాక మామయ్య బయటికి వెళ్ళొచ్చు. వెళ్ళేవాడు కూడా. కానీ ఉద్యోగాలిచ్చే ఆఫీసులేవీ ఆ వేళకి తెరిచి ఉండవు. మూసిన తలుపుల ముందు నుంచి ఓ చుట్టు తిరిగి, కూరగాయలు పట్టుకుని వచ్చేవాడు.

మేనకోడలు తన పాత లాప్‌టాప్ ఇచ్చింది. అందులో ఆమె కాలేజీ పనికోసం తెరిచి మర్చిపోయిన పేజీ ఒకటి ఉంది. డబ్బీ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి. గడియారాలు రిపేరు చేసే పెద్దాయన ఒకాయన దాన్ని సరదాకి తయారుచేశాడు. ప్రపంచం మొత్తం మీద వాడేవాళ్ళు పంతొమ్మిది మంది, నేర్చుకునే పుస్తకం పద్నాలుగు పేజీలు. దీనివల్ల మీకు ఎక్కడా ఉద్యోగం రాదు అని మొదటి పేజీలోనే రాసిపెట్టాడు పెద్దాయన. ఆ నిజాయితీ మామయ్యకు నచ్చింది.

కొత్తగా చేరేవాళ్ళు తామేం చేస్తుంటారో, ఎందుకొచ్చారో రాయాలి. మందుల షాపు నడిపే ఆవిడ, "మధ్యాహ్నం పూట బేరాలుండవు, అందుకని" అని రాసింది. లాంచీ నడిపే అతను, "ఏటికి ఇవతలి ఒడ్డున జనం ఎక్కేదాకా కూర్చోవాలి, అందుకని" అన్నాడు. మామయ్య టెలిఫోన్ ఆపరేటర్ని అని కొట్టి, చెరిపేశాడు. చాలాసేపు ఆలోచించి, 'ఇంట్లో ఉంటాను' అని రాశాడు. రెండో ప్రశ్నకీ జవాబు అదే అనిపించి ఊరుకున్నాడు.

ఆ భాషలో ఏది దాచాలన్నా ఒక డబ్బీలో పెట్టాలి. మామయ్య తన మొదటి ప్రోగ్రాములో ఇల్లు అనే డబ్బీ చేసి, అందులో నలుగుర్నీ పెట్టాడు. తర్వాత పొద్దున వెళ్ళే వరసలోనే ఒక్కొక్కర్నీ బయటికి తీశాడు. అక్క వచ్చింది, మేనకోడలు వచ్చింది, బావ వచ్చాడు. తన దగ్గరికి వచ్చేసరికి తెర మీద, "ఇదే చివరిది. తీయను" అని పడింది. మామయ్యకి నవ్వొచ్చింది. నవ్వి ఆపేశాక ఆ మాటని ఇంకోసారి చదివాడు.

తప్పెక్కడుందని అడిగితే పెద్దాయనే జవాబిచ్చాడు.

"తప్పు కాదు బాబూ, దాని తత్వమే అంత. నేను చేసేటప్పుడే అలా వచ్చేసింది. చివరిది తీసేముందు ఇంకోటేదైనా లోపల పెట్టండి. చిన్నదైనా పర్లేదు."

లోపల పెట్టడానికి తన దగ్గర ఏముందో మామయ్యకు తోచలేదు.

ఆ పంతొమ్మిది మందికీ ఒక అలవాటుంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ లైన్లోకి వచ్చి, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ కూర్చుంటారు. ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళు ముగ్గురూ సినిమాకెళ్తే, మామయ్య కూడా చేరాడు. మర్యాదగా ఉంటుందని ముందే మైకు మూసేసుకున్నాడు.

"ఎవరో మైకు మూసుకున్నారు. కొత్తవాళ్ళా?" అన్నాడు లాంచీ అతను. "ఇక్కడ మూసుకోకూడదండీ. మాట్లాడక్కర్లేదు, వినబడితే చాలు."

మామయ్య తెరిచాడు. ఎక్కడో గడియారాలు ఒకదానికొకటి పొంతన లేకుండా కొట్టుకుంటున్నాయి. ఎవరో ముక్కు చీదారు. నీళ్ళు పడవని తడుతున్నాయి. ఇంతలో మామయ్య మోచెయ్యి తగిలి గ్లాసు కిందపడింది.

"ఏం పడింది?" అంది మందుల షాపావిడ.

"గ్లాసండీ."

"నిండుదా, ఖాళీదా?"

"ఖాళీదే."

"అయితే పర్లేదు" అని ఆవిడ మళ్ళీ పనిలో పడింది.

ఈ తొమ్మిదేళ్ళలో పగటిపూట మామయ్యని ఏం పడిందని అడిగినవాళ్ళు లేరు. ఆ సంతోషంలో చెత్తబుట్ట తీసుకుని, అది రాదన్న సంగతే మర్చిపోయి, తలుపు లాగాడు. తలుపు వచ్చేసింది. ఎదురుగా మెట్లు, మెట్ల మీద ఎండ. మామయ్య చేతిలో బుట్టతో అలాగే నిలబడిపోయి, భయమేసి తలుపు వేసేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ మరుసటి వారమే ఉత్తరం వచ్చింది. రైల్వే స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం, బుధవారం పదకొండింటికి గొంతు పరీక్ష. అంతకుముందు ఏడాది కూడా పిలిచారు. ఆ రోజు సెలవు పెడతానన్న బావ, సంగతే మర్చిపోయి ఆఫీసుకెళ్ళిపోయాడు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇక పిలవరు.

అన్నాల దగ్గర మామయ్య ఉత్తరం చదివి వినిపించాడు.

"బుధవారం మా ఆఫీసులో తనిఖీ రా తమ్ముడూ" అంది అక్క, నిజంగానే బాధపడుతూ.

"నాకు పరీక్ష మామయ్యా" అంది మేనకోడలు.

"మళ్ళీ పిలుస్తార్లేవోయ్" అన్నాడు బావ. "అయినా ఇక్కడ నీకేం తక్కువైందని?"

వాళ్ళలో ఒక్కరైనా చెడ్డవాళ్ళయితే మామయ్య గొడవపడి ఉండేవాడు. ముగ్గురూ మంచివాళ్ళే కావడంతో ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రే డబ్బీ వాళ్ళకి రాశాడు. 'బుధవారం పదింటికి ఎవరైనా కాసేపు కూర్చోగలరా? మా ఇల్లు ఖాళీగా ఉండదు.'

ఎందుకని ఎవరూ అడగలేదు. "తలుపు బిగుసుకునే రకమా? మా పిన్ని వాళ్ళదీ అంతే" అన్నాడు లాంచీ అతను. పనిరోజు కదా, చూస్తామన్నారు అందరూ.

బుధవారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని తొమ్మిదిన్నరకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పదయింది. లైన్లో తన పేరొక్కటే ఉంది. పెద్దాయన వీధిలో కరెంటు లేదని కబురొచ్చింది. లాంచీ ఏటి మధ్యలో ఉండి ఉంటుంది. పదీ పదికి తలుపు లాగి చూశాడు. కదల్లేదు. పదీ ఇరవైకి కాలు గోడకి తన్నిపెట్టి రెండు చేతులతో లాగాడు. చొక్కా చంకలో పిగిలింది. పదిన్నరకి బస్సు. అక్కడే నేలమీద చతికిలబడి, జీవితం ఇంతేనని మొదటిసారి పైకే అనుకున్నాడు.

అప్పుడు లాప్‌టాప్‌లోంచి షాపు షట్టరు కిందికి లాగిన చప్పుడు వచ్చింది.

"ఉన్నారాండీ?" అంది మందుల షాపావిడ. "జనం ఒకపట్టాన వదల్లేదు. టిఫినుకని చెప్పి మూసేశాను. వినబడుతోందా?"

"వినబడుతోందండీ." మామయ్య ఒక్క అంగలో తలుపు దగ్గరికెళ్ళి లాగాడు. రాలేదు. "ఇది రావట్లేదండీ."

ఆవిడ కాసేపు చెవొగ్గి విన్నట్టుంది.

"మీ వంటింట్లో కుళాయి కారుతోందా?" అంది.

తలుపు దానంతటదే జానెడు తెరుచుకుంది.

"కారుతోందండీ" అన్నాడు మామయ్య.

"తర్వాత చూద్దురుగాని, వెళ్ళండి. నేనిక్కడే ఉంటాను."

చెప్పులు చేతిలో పట్టుకునే మెట్లు దిగాడు. చంక దగ్గర చిరిగిన చొక్కాతో, ఆలస్యంగా వచ్చే రైలు గురించి మైకులో ఎంత నెమ్మదిగా చెప్పాడంటే, పరీక్ష చేసే ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. రెండింటికి ఇల్లు చేరేసరికి ఆవిడ లైన్లోనే ఉంది.

"కొరియరొచ్చాడు" అంది. "ఆయన బయటికెళ్ళారని చెప్పాను. మరి మీరెవరన్నాడు. ఏం చెప్పాలో తెలీక, చుట్టాలమన్నాను."

ఉద్యోగం ఒకటో తారీకు నుంచి. ఏడింటికల్లా స్టేషన్లో ఉండాలి. ఇకనుంచి చివర మిగిలినవాళ్ళని ఇల్లు వదలదని, పిలిస్తే లాప్‌టాప్‌లో తన చుట్టాలుంటారని, వెళ్ళేముందు ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాడు మామయ్య. పొద్దున అందరికంటే ముందు గుమ్మం దాటాడు, తలుపు ఏ పేచీ పెట్టలేదు. తొమ్మిదీ పావుకి స్టేషన్ గదిలో ఫోను మోగింది.

"ఏమోయ్" అన్నాడు బావ. "తలుపు రావట్లేదు."

"అక్కా వాళ్ళూ?"

"వెళ్ళిపోయారు. నేను పేపరు మడిచేలోగా..." గడియ లాగుతున్న చప్పుడు వినబడింది. "అవతల నాకు ఆఫీసులో మీటింగు. ఆ చుట్టాలెవరో ఉన్నారన్నావుగా. ఎలా పిలవాలి?"

"లాప్‌టాప్ నా మంచం మీదుంది బావా. ముందు మీరు చేరాలి. ఏం చేస్తుంటారో రాయమంటుంది."

"సూపరింటెండెంటునని రాయనా?"

"అది ఆఫీసుకెళ్ళాక కదా" అన్నాడు మామయ్య. ఎత్తిపొడుపుగా అనలేదు. "ఇప్పటికైతే, ఇంట్లో ఉంటాను అని రాయండి."

అవతల మంచం కిర్రుమంది. ఫోన్లో చాలాసేపు కుళాయి చుక్కలే వినబడ్డాయి. తర్వాత ఒక్కో మీటా వెతుక్కుని నొక్కుతున్న చప్పుడు మొదలైంది. ఆ రెండు మాటలు రాయడానికి తనకీ అంత సేపే పట్టిందని మామయ్యకు గుర్తొచ్చింది. రైలు వచ్చే వేళయినా, అవి పూర్తయ్యేదాకా ఫోను పెట్టలేదు.