కుండీ కబురు

చెల్లెలికి చిన్నప్పటి నుంచీ వైర్లంటే ప్రాణం. పెళ్లయ్యాక కూడా బాల్కనీలో పూలకుండీకి ఒక చిన్న సర్క్యూట్ బోర్డు పెట్టుకుంది. మట్టి ఎండితే ఎర్ర లైటు వెలిగేది. మరిది, అంటే చెల్లెలి మొగుడు, దాన్ని చూసి ఎగతాళిగా నవ్వేవాడు. అతను నవ్వినంతసేపూ ఆ ఇంట్లో దెబ్బలుండవు గనక, అక్క కూడా కలిసి నవ్వేది.

అక్క బైకుల మెకానిక్. చెల్లెలి మెడ మీద వేళ్ల గుర్తులు కనపడిన రోజు ఆమె స్పానర్ పక్కన పెట్టేసింది. ఆ ఇల్లు వదిలి తన దగ్గరికి వచ్చెయ్యమంది. వెళ్తే నిన్నూ మీ అక్క షెడ్డునూ కలిపి తగలబెడతానన్నాడట మరిది. చెల్లెలి ఫోను అతని దగ్గరే ఉంటుంది. కోపమొస్తే ముందు ఇంటర్నెట్ పెట్టె పీకేస్తాడు, ఆ తర్వాతే చెయ్యెత్తుతాడు.

అందుకే చెల్లెలు కుండీ బోర్డుకు వైఫై ముక్క ఒకటి కలిపింది.

"ఇది సాయం అడగదక్కా. బాగున్నానని చెబుతూ ఉంటుంది. ఆ మాట ఆగిపోతే నువ్వు రా."

అప్పట్నుంచి అక్క ఫోనులో ఉండుండి ఒక పచ్చ చుక్క మెరిసేది.

మొదటిసారి చుక్క ఆగినప్పుడు అక్క గ్రీజు చేతులతోనే పరుగెత్తింది. మరిది తలుపు తీసి, వదినగారు ఇటు దారి తప్పారేంటని మర్యాదగా కూర్చోబెట్టాడు. చెల్లెలు బాగానే ఉంది. అక్క వెళ్లాక బాగా లేదు. మీ అక్క ఎందుకొచ్చిందని అడుగుతూ తల గోడకేసి కొట్టాడు. జవాబు చెప్పలేదని మళ్లీ కొట్టాడు.

తప్పు బోర్డుది. కబురు పంపే క్షణంలో వైఫై కరెంటు ఎక్కువ లాగుతోంది, బోర్డు సొమ్మసిల్లిపోతోంది. తలకు కట్టుతో షెడ్డుకొచ్చి చెల్లెలు చెబుతుంటే అక్కకు వెంటనే అర్థమైంది. బ్యాటరీ నీరసించిన బండికి స్టార్టర్ నొక్కితే హెడ్‌లైటు మసకబారినట్టు. చెల్లెలు వైఫైకి వేరే ఛార్జరు, పక్కనే కాస్త కరెంటు నిలవ ఉంచే కెపాసిటరు ఒకటి పెట్టింది.

"ఈసారి ఆగితే అది బోర్డు తప్పు కాదక్కా."

చాలా రోజులు చుక్క ఆగలేదు. ఒక మధ్యాహ్నం ఆగింది.

అక్క లేచి నిలబడింది. ఇదీ ఉత్తిదే అయితే, తను తలుపు కొట్టినందుకు చెల్లెలి తల మళ్లీ గోడకు తగులుతుంది. కరెంటు పోయిందేమో అనుకుంటే, ఆ ఇంటి లైనులోనే ఉన్న షెడ్డు ఫ్యాను నెత్తిన తిరుగుతూనే ఉంది. చెల్లెలు అతికించింది ఊడదు. అక్క పెద్ద స్పానర్ తీసుకుంది.

చెల్లెలి ఇంటి తలుపు గడియ రెండు దెబ్బలకు ఊడింది. ఇంటర్నెట్ పెట్టె నేలమీద పగిలి ఉంది. అలవాటు ప్రకారం దాన్నే ముందు పీకాడు. దాని వైరే చెల్లెలి మెడకు చుట్టి, వీపు మీద మోకాలు ఆనించి లాగుతున్నాడు.

"ఇది మా ఇంటి సంగతి వదినా," అన్నాడు తలెత్తి.

అక్క మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినపడింది. భుజం మీద కొట్టింది. మూడోసారి స్పానర్ అతని తల మీదికి లేచినప్పుడు చెల్లెలు దగ్గింది. ఆ దగ్గు వినే అక్క ఆగింది. లేకపోతే ఆగేది కాదు.

కేసు నడుస్తోంది. అతను లోపలున్నాడు. చెల్లెలి గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. కుండీ ఇప్పుడు షెడ్డు కిటికీలో ఉంది. చెల్లెలు పక్కనే కూర్చుని ఉన్నా, అక్క బైకు కింద నుంచి చెయ్యి చాచి ఫోను తీసి చూసుకుంటూనే ఉంటుంది.