అక్క గేటు ముందు మరక

అక్కతో ఏడేళ్ళుగా మాటల్లేని మనిషి, రోజూ తెల్లవారి ఐదున్నరకల్లా ఆమె గేటు ముందు కారాపుకుని పావుగంట కూర్చోవడాన్ని లోకం ఏమంటుందో గానీ, ఇన్‌స్పెక్టరు గారు మాత్రం దాన్ని ఇంజను చల్లార్చడం అనేవారు. "పాత బండి కదా, మధ్యలో కాసేపు ఆపాలి" అని భార్యకు చెప్పేవారు. ఇన్ని వీధులుండగా ఆ వీధిలోనే ఎందుకాపాలని ఆవిడ ఏనాడూ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఏవి అడగకూడదో ఆవిడకు బాగా తెలిసిపోయింది.

ఆయన తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా పరాయివాళ్ళ తక్కెళ్ళు సరిచూసిన మనిషి కాబట్టి, తన నోట్లోంచి వచ్చే మాటకు తేడా ఉండదని గట్టి నమ్మకం. నాన్న పోయాక ఆయన కారు ఎవరికన్న ప్రశ్న వచ్చింది. ఇంట్లో అందరికన్నా ముందు కారు నేర్చుకున్నది అక్క. నాన్నను ఆఖరి రోజుదాకా ఆసుపత్రికి తిప్పిందీ అక్కే. అయినా ఈయన, "ఇంట్లో కూర్చునేదానికి నీకెందుకే కారు?" అనేశారు. అక్క తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అది అనకూడని మాటని ఆయనకు ఆ సాయంత్రానికే తెలిసింది. తెలిసి ఏం లాభం? ముందు ఎవరు పలకరించాలన్న దగ్గర పీటముడి పడింది. ఆయనకు కావలసిందల్లా ఆ గేటు తోసుకుని లోపలికి వెళ్ళడం. అదొక్కటీ తప్ప మిగతావన్నీ చేసేవారు.

అక్క ఆరున్నరకు ముందు లేవదని ఆయన లెక్క. అందుకని తన రాకపోకలు మూడో కంటికి తెలియవని ఆయన ధీమాగా ఉన్నారు. ఒకరోజు గేటుకు నల్లబల్ల ఒకటి వేలాడుతూ కనిపించింది. దాని మీద అక్క గుండ్రటి అక్షరాలు: "ఇక్కడ ఆయిలు కార్చరాదు."

ఇన్‌స్పెక్టరు గారు కారు దిగారు. కిందికి వంగి చూస్తే, రోడ్డు మీద పళ్ళెమంత నల్లటి మరక. నాన్న బతికున్నప్పటి నుంచీ ఆ కారుకు కారే అలవాటుంది. మరక చూస్తే అక్క పోల్చకుండా ఉంటుందా? "ఎవరి కారని రుజువేమిటి?" అని గొణుక్కుంటూ, ఆ రుజువు లేకుండా చెయ్యడానికి తిన్నగా మెకానిక్ దగ్గరికి పోయారు.

మెకానిక్ కారు కింద దూరి వచ్చాడు. "ఇంజను వెనక రబ్బరు సీలు ఎండి గట్టిపడిపోయింది సార్. మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. అంత పని వద్దనుకుంటే ఈ సీసాలో మందు ఇంజనాయిల్లో పొయ్యండి. రబ్బరు మెత్తబడి, కాస్త ఉబ్బి, సందు మూసుకుంటుంది. నాలుగైదు రోజులు తిప్పితే తేడా తెలుస్తుంది."

"రెండు సీసాలు పోస్తే?"

"వద్దు సార్. అతిగా ఉబ్బితే సీలే పోతుంది."

కొలత విషయంలో ఆయనకు చెప్పాల్సిన పనిలేదు. ఒక్క సీసా మందే గాజు కొలపాత్రలో తీసుకుని, కంటి ఎత్తున పెట్టి చూసుకుని మరీ పోశారు. భార్య వంటింటి గుమ్మంలోంచి చూస్తూ, "ఇలాంటిది మనుషులకేమైనా దొరుకుతుందేమో అడక్కపోయారా?" అంది.

మూడో రోజు పొద్దున బల్ల మీద రాత మారింది. "నిన్నటి మరక చిన్నది." నాలుగో రోజు, "రెండే చుక్కలు. ఎందుకు?" ఆమెకెందుకట! ఆయనకు ఒళ్ళు మండింది. ఆరో రోజుకి ఇంట్లో రాత్రి కారు కింద పరిచిన అట్ట తెల్లగా మిగిలింది. ఇక రుజువు లేదు గదా అని ఆవేళ గేటు ముందు పావుగంటకు బదులు అరగంట కూర్చున్నారు.

ఏడో రోజు బల్ల మీద, "నిన్న రాలేదు" అని ఉంది.

"వచ్చాను!" అని అద్దాలెత్తిన కారులోంచే అరిచారు ఇన్‌స్పెక్టరు గారు.

ఎనిమిదో రోజు, "నిన్నా రాలేదు. ఒంట్లో బాగోలేదా?" బల్ల పక్కనే సుద్దముక్క దారానికి వేలాడుతోంది. దిగి ఒక్క మాట రాస్తే సరిపోయేది. కానీ రాస్తే తను ముందు పలకరించినట్టవదా? మరి అక్క రాసింది పలకరింపు కాదా అంటే, బల్ల మీద పేరు లేదు. పేరులేని నోటీసు ఎవరికీ చెందదు. ప్రభుత్వోద్యోగం మనిషిని ఇలా తయారుచేస్తుంది.

తొమ్మిదో రోజు బల్ల ఉంది, దాని మీద ఏమీ లేదు. శుభ్రంగా తడిగుడ్డతో తుడిచేసి ఉంది. ఇన్‌స్పెక్టరు గారికి భయం వేసింది. ఏడేళ్ళలో మొదటిసారి, అక్క తన మీద ఆశ వదిలేసిందన్న భయం. అటునుంచటే మెకానిక్ దగ్గరికి పరిగెత్తారు.

"మళ్ళీ కారేట్టు చెయ్యి."

మెకానిక్ నోరెళ్ళబెట్టాడు. "ఏంటి సార్?"

"ఎక్కువొద్దు. రోజుకి పదకొండు చుక్కలు చాలు."

"సార్, మీరు ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి."

మర్నాడు తెల్లవారాక, అరవయ్యారేళ్ళ ఇన్‌స్పెక్టరు గారు కారు కాస్త వెనగ్గా ఆపి, ఆయిలు డబ్బా, పిల్లలకు మందు పోసే డ్రాపరు పట్టుకుని అక్క గేటు ముందు గొంతుక్కూర్చున్నారు. ఒకటి, రెండు, మూడు. చుక్క చుక్కకీ మధ్య నిమిషం ఎడం కూడా పాటించారు. దొంగ తూకాల మీద కేసులు రాసిన చేత్తోనే దొంగ మరక పెడుతున్నానని తోచి సిగ్గేసింది. అయినా ఆపలేదు.

ఏడో చుక్క దగ్గర నెత్తిమీద గొంతు వినిపించింది.

"అక్కడ కాదురా."

గేటు అవతల అక్క. చేతిలో రోడ్డు కడిగే చీపురు, బకెట్టు.

"రెండడుగులు ఇటు జరుగు. నీ మరక ఎప్పుడూ ఈ గుంట పక్కన పడుతుంది. ఏడేళ్ళ నుంచీ కడుగుతున్నాను, నాకు తెలీదూ?"

ఆయన కూర్చున్నపళంగా పీతలా పక్కకు జరిగారు. మళ్ళీ మొదట్నించీ వేశారు. అక్క గేటు మీద మోచేతులాన్చి లెక్కపెట్టింది. పదకొండు పూర్తయ్యాయి. ఇద్దరికీ ఇంక చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి.

"అక్కా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ రోజు నేనలా అనుండకూడదే."

"తెలుసు. లేకపోతే రోజూ ఎందుకొస్తావు?"

"లేవలేకపోతున్నాను."

"నేను మాత్రం వంగగలనా? నాకు డెబ్భై దాటాయి. గేటు పట్టుకుని లే."

ఆయన రెండు చేతులా గేటు కమ్మీలు పట్టుకుని, ఉన్న బలమంతా వేసి పైకి లాక్కోబోయారు. అక్క అప్పటికే గడియ తీసేసింది. గేటు లోపలికి తెరుచుకుంది, దాని వెంట ఆయనా వెళ్ళారు, మోకాళ్ళ మీద పాక్కుంటూ, నల్లటి చేతులతో గచ్చంతా మరకలు చేసుకుంటూ.