వంతెన అవతలి దరఖాస్తు

మేస్త్రి చెక్కపాదం మడమను ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ రెండుసార్లు రుద్దాడు. పని పూర్తయిందని కంటికి తెలిసినా అతని చెయ్యి ఒప్పుకోదు. ఆసుపత్రి వెనక, మందుల గోదాముకూ బట్టలుతికే షెడ్డుకూ మధ్య ఇరుక్కున్న ఆ రేకుల గదిలో తొమ్మిదేళ్లుగా కాళ్లు చేస్తున్నాడు. అంతకుముందు తలుపులూ మంచాలూ చేసేవాడు. యుద్ధం వచ్చాక తలుపులు అడిగేవాళ్లు తగ్గి, కాళ్లు కావలసినవాళ్లు పెరిగారు. పేరు పెట్టి పిలిచే మనిషి ఇంట్లో లేకపోవడంతో ఊరందరికీ కాళ్ల మేస్త్రిగానే మిగిలిపోయాడు.

అరవై దాటినవాడు. ప్లాస్టర్ పొడి కనుబొమల మీద తెల్లగా పేరుకుని ఉండటం వల్ల ఎప్పుడూ దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తాడు. పనిగది వెనకే అతని కాపురం. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక గిన్నె. వండిన గిన్నెలోనే తింటే కడగాల్సింది ఒకటే కదా అని మొదట సర్దిచెప్పుకున్నాడు. తర్వాత అది అలవాటైంది.

ఆ ఉదయం బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. కొండ మీద పోరుకు వెళ్లి కుడికాలు పోగొట్టుకున్న బడి మాస్టారు కొత్తకాలు కొలత సరిచూసుకోవడానికి వచ్చాడు. మందుపాతర మీదికి లారీ ఎక్కించి ఎడమకాలు పోగొట్టుకున్న డ్రైవరు, తెగిన పట్టీ మార్పించుకోవడానికి వచ్చాడు. షెడ్డులో రేడియో మోగుతోంది. తుపాకులు ఆగి పదిరోజులైందట. కొండేమో అవతలివాళ్లకు, ఏటిగట్టేమో మనకు అని మాటలు నడుస్తున్నాయట.

"ఇచ్చేస్తారట! వీళ్ల తాత సొమ్మా?" అన్నాడు మాస్టారు. "మొదట కాల్చింది వాళ్లు. తప్పు చేసినవాడికి కొండ బహుమానమిచ్చి పంపిస్తారా?"

"కాల్చింది వాళ్లే, కాదన్ను," అన్నాడు డ్రైవరు. "వాళ్ల గొర్రెలు తిరిగే బీట్లో కంచె పాతింది మాత్రం మనమే మాస్టారూ. ఆ ఇనుము మోసిన లారీ నాదే."

"కంచెకీ తుపాకీకీ సాపత్యమా?"

"లేదు. ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ పోతే మా తాతగారి తాత దగ్గర తేల్తాం. ఆయన్ని లేపి అడగాలి మరి."

మాస్టారు నవ్వలేదు. "నా కాలు ఆ కొండ మీదుంది. అది పోతే పోయింది. నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లలు పదకొండుమంది అక్కడే ఉన్నారు. కొండ వదిలేస్తే వాళ్లు దేనికి పోయినట్టు?"

డ్రైవరు తెగిన పట్టీని వేలికి చుట్టుకున్నాడు. "అది నాకూ తెలీదు మాస్టారూ," అన్నాడు. "పన్నెండోవాడు పోతే మాత్రం తెలుస్తుందా?"

మాస్టారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. డ్రైవరును వదిలి, ఎదురుగా వంగి పట్టీ బిగిస్తున్న మేస్త్రి మీద పడ్డాడు. "నువ్వేమంటావు? గోడమీద పిల్లిలా ఎన్నాళ్లుంటావు? అయినా నీకేంలే. నీ భార్య అటువైపు పిల్ల. రాజీ కుదిరితే నీ ఇల్లు నిండుతుంది."

"మోకాలి కింద ఒరుసుకుంటోందా?" అని మాత్రం అడిగాడు మేస్త్రి.

అతని భార్యది ఏటి అవతలి ఊరు. వాళ్ల పెళ్లినాటికి వంతెన ఒట్టి వంతెనే. కూరగాయల కోసమూ దాటేవారు, ఏమీ తోచకపోయినా దాటేవారు. పదకొండేళ్ల కిందట మామగారికి జబ్బు చేస్తే ఇద్దరం వెళదాం రమ్మంది. చేతిలో పనుంది, నువ్వు వెళ్లు అన్నాడు. మీకు మావాళ్లంటే మొదట్నుంచీ చులకనే అంది ఆమె. మాటకు మాట పెరిగింది. వెళ్లాక ఉత్తరం రాసింది, మీరొచ్చి తీసుకెళ్లండి అని. వెళ్లింది నువ్వు, వచ్చేదీ నువ్వే అని ఇతను జవాబు రాశాడు. నలభై రోజులు ఎనిమిది ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. ఎవరూ మెట్టు దిగలేదు. నలభై ఒకటో రోజున తుపాకులు పేలి వంతెన మూసేశారు.

యుద్ధం ఆలుమగలను విడదీసిందని ఊరు జాలిపడింది. ఆ జాలిని అతను కాదనలేదు.

మధ్యాహ్నం సన్నగా వాన మొదలైనప్పుడు సహాయసంఘం నుంచి ఒకావిడ, తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చింది. కాగితం మీది పేరు చదివితే బల్లమీది ఇద్దరూ అదెవరిదన్నట్టు చూశారు. మేస్త్రి ఆకురాయి కింద పెట్టాడు.

"ఈ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వంతెన తీస్తారండీ. కుటుంబాల వాళ్లకి మాత్రమే. అటువైపు నుంచి మీకోసం దరఖాస్తు వచ్చింది."

"ఎప్పుడు?"

"మూడేళ్ల కిందటిది. ఇప్పటికి చేరింది."

"ఆవిడ ఉందామ్మా?"

ఆమె తల దించుకుంది. "మాకు కాగితమే వచ్చిందయ్యా. మనిషి సంగతి తెలీదు. ఇంకో మాట. దాటినవాళ్లు ఒప్పందం కుదిరేదాకా తిరిగి రాకూడదు. అదెప్పుడో ఎవరికీ తెలీదు. దాటాలంటే దీనికింద మీరు సంతకం పెట్టాలి. ఆలోచించుకోండి."

అతను చేతులు చొక్కాకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. భార్య దస్తూరీయే. పేరు, ఊరు, సంబంధం. కిందిగడిలో విడిపోవడానికి కారణం అని అచ్చువేసి ఉంది. అందరూ అక్కడ యుద్ధం అని రాసుంటారు. ఆమె ఇలా రాసింది: మా ఇద్దరి తగవు. తప్పు నాదే. ఆయన్ని రానివ్వండి.

అతను దాన్ని చదివాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు.

"ఇక్కడ తప్పుందమ్మా."

"అక్షరం పోయిందా?"

"కాదు. మాటే. ఆవిడ నలభై రోజులు పిలిచింది. నేను పోలేదు. నాదని రాయాలి."

"దిద్దితే కాగితం చెల్లదండీ."

"అబద్ధమమ్మా ఇది. దీనిమీద ఎట్లా సంతకం పెట్టను?"

"ఇప్పుడు తప్పు ఎవరిదైతే ఏంటయ్యా!" అన్నాడు మాస్టారు పట్టలేక. "పెట్టు సంతకం!"

డ్రైవరు మాస్టారి వైపు చూశాడు.

"కొండ వేరు, కాపురం వేరు," అని గొణిగాడు మాస్టారు.

"వేరే మాస్టారూ," అన్నాడు డ్రైవరు మెల్లగా.

మేస్త్రి సంతకం పెట్టాడు. చివరి అక్షరం గడి దాటింది. ఆ తర్వాత మాస్టారి పట్టీకి ఇంకో రంధ్రం వేశాడు. డ్రైవరుకు కొత్త పట్టీ కుట్టి, మిగిలిన తోలు అతని చేతిలోనే పెట్టాడు. కాలు ఒరుసుకుంటే ఎక్కడ రుద్దాలో ఇద్దరికీ చూపించాడు. తొమ్మిదేళ్లలో అతను ఒక్క పూటలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. గది తాళం ఆసుపత్రి కాపలావాడికిచ్చి, సంచి భుజాన వేసుకున్నాడు. వీధి మలుపు దాకా మాస్టారు కొత్తకాలితో కుంటుతూ వచ్చాడు. "కొండ వదిలే సంతకాలకి నేనెప్పటికీ ఒప్పుకోను. నువ్వు జాగ్రత్తగా వెళ్లు," అని వెనుదిరిగాడు.

వంతెన దగ్గర వరసలో నిలబడ్డవాళ్లంతా ముసలివాళ్లే. సిపాయి సంచి తడిమి, చొక్కా మడతలో చుట్టిన ఉలిని బయటికి తీశాడు.

"ఇనుము పోనివ్వం తాతా."

"పనిముట్టు నాయనా. అటువైపు కూడా కాళ్లు లేనివాళ్లుంటారు కదా."

"ఉంటారు. కానీ మొన ఉన్న వస్తువేదీ దాటకూడదు. అక్కడ పెట్టు, వచ్చేటప్పుడు తీసు..." సిపాయి మధ్యలో ఆగి, తర్వాతి మనిషిని పిలిచాడు.

మేస్త్రి ఉలిని పిట్టగోడ మీద పెట్టి, దొర్లకుండా ఒకసారి సరిచేశాడు. అవతల గట్టున నల్ల గొడుగులు గుంపుగా ఉన్నాయి. వానలో ఏ ముఖమూ కంటికి ఆనడం లేదు. అతను ఆగకుండా నడిచాడు. మధ్యలో గీసిన గీత దాటాక వీపు చిన్నదవుతూ, ఆ గొడుగుల్లో ఎక్కడో కలిసిపోయింది.

ఆరింటికి వంతెన మూసేశారు. పిట్టగోడ మీద ఉలి అలాగే ఉంది. ఏళ్ల తరబడి బొటనవేలు నొక్కీ నొక్కీ పిడిమీద పడ్డ గుంటలో వాననీళ్లు కొద్దికొద్దిగా నిండుతున్నాయి.