వదులు పరుపు

మగ్గం గది కప్పు సరిచేస్తూ దూలం మీది నుంచి పడ్డాడు మద్దయ్య. నడుము కింద స్పర్శ పోయింది. ఆ ఏడు యుద్ధం వల్ల నూలు దొరక్క కమలాపురంలో మగ్గాలన్నీ ఊరికే ఉన్నాయి కాబట్టి, చూడవచ్చేవాళ్లకు తీరిక ఎక్కువ.

కొన్నాళ్లకు అతని నడుము కింద తోలు ఎర్రగా కమిలింది. కడప నుంచి కాంపౌండరు లాజరు ఆసుపత్రి వాళ్ల రబ్బరు గాలిపరుపు తెచ్చి బల్ల మీద పరిచాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి, సగంలో ఆపాడు.

“తోలు పగిలి పుండు ఎముక దాకా పోతే మనిషి దక్కడు. పరుపు ఇట్లే ఉండల్ల. పూటపూటకూ పక్కకు తిప్పతా ఉండు,” అని మద్దయ్య భార్య సుబ్బక్కకు చెప్పి వెళ్లాడు.

మద్దయ్య అన్న కాశన్న అప్పుడు ఇంట్లో లేడు. వచ్చాక పరుపును వేలితో నొక్కి చూశాడు. పడుగు బిగువుకు ఆ వీధిలో అతనిదే పేరు. నూలు వదులుగా కట్టినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టడు.

“ఏమ్మా సుబ్బక్కా, ఇది పరుపా, గంజి తాగని గుడ్డా? వేలు పెడితే దిగిపోతాండాది!”

“లాజరప్ప ఇట్లే ఉండల్లన్యాడు బావా.”

“ఆయప్ప ఎప్పుడన్నా మగ్గమెక్కినాడా? చేతిలో సత్తువ లేక సగంలో ఆపినాడు.”

ఒక పంపు అడిగి తెచ్చి నిండా కొట్టాడు. గంజి పెట్టిన కొత్త దుప్పటి కప్పి, కొసలను పడుగు లాగినట్టు లాగి బల్ల కాళ్లకు కట్టాడు. ఒక్క ముడత లేదు. వచ్చినవాళ్లు దాన్ని తట్టి చూసి, కాశన్న పనితనం మెచ్చుకొని, మజ్జిగ తాగి పోయేవారు. పడుకున్నవాడికి ఎట్లా ఉందని ఎవరూ అడగలేదు. అడిగినా అతనికి తెలియదు.

పుండు వాసన మొదట పట్టింది సుబ్బక్క. కబురందుకుని లాజరు వచ్చి మద్దయ్యను పక్కకు తిప్పాడు. తోలు పగిలి గుంట పడింది. దుప్పటి మీద తడితే మోగింది.

“ఎవురప్పా దీన్ని తప్పెట చేసింది?”

కాశన్న వంగి ఒక ముడి మీద చెయ్యి వేశాడు.

“బల్లకూ దీనికీ తేడా యాడుండాది? ఒళ్లు లోపలికి దిగల్ల. అప్పుడే బరువంతా ఒక్క ఎముక మీద పడదు.” లాజరు ముడులు విప్పించి గాలి వదిలాడు. కాశన్న చేతిని పట్టుకొని, మద్దయ్య నడుము కింద పరుపుకూ బల్లకూ నడుమ దూర్చాడు. “ఎముక తగిలితే గాలి తక్కువ. చెయ్యే దూరకుంటే ఎక్కువ.”

ఆనాటి నుంచి ఆ చెయ్యి పెట్టే పని కాశన్నదే. ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర వదులుగా పరిచి, తమ్ముణ్ణి పూటపూటకూ తిప్పేవాడు.

“అన్నా, నీ చేత్తో వదులుగా చేసిన పని ఇదే మొదలు. వీధంతా నవ్వుతాది,” అన్నాడు మద్దయ్య.

“నవ్వనీలే. మోచెయ్యి ఎత్తు.”

వానలు మొదలయ్యేసరికి పుండు అడుగు నుంచి పూడుకుంటూ వచ్చింది. ముడతలు పడ్డ పరుపును చూడడానికి మాత్రం ఎవరూ రాలేదు. మజ్జిగ మిగిలింది.